ఎగువ కాలేజీ ఏ జోన్‌కి?

కబడ్డీ గురించి నాకు తెలిసిందల్లా అందులో బంతి ఉండదని. అలాంటి నన్ను కబడ్డీ జోన్లు సరిచేసే ఉపసంఘంలో వేశారు. వేసిన రోజు నేను మీటింగుకి వెళ్ళలేదు. రానివాళ్ళ నెత్తినే పని పడుతుందన్నది కాలేజీలో నిన్న చేరిన గుమాస్తాకి కూడా తెలుసు. ఏళ్ళ తరబడి వృక్షశాస్త్రం పాఠం చెబుతున్న నాకు ఆ పాటి తెలివి లేకపోయింది.

విషయం ఇదీ. ఆడపిల్లల కబడ్డీ పోటీలు మా వైపు రెండు జోన్లుగా జరుగుతాయి, శ్రీకాకుళం జోన్ ఒకటి, విజయనగరం జోన్ ఒకటి. రాజాం దాటాక ఒక ఊళ్ళో చిన్న డిగ్రీ కాలేజీ ఉంది. పేరు రాయను, రాస్తే రెండు పక్షాలవాళ్ళూ మా ఇంటికొస్తారు. అందరూ దాన్ని ఎగువ కాలేజీ అంటారు. అది మొదటినుంచీ శ్రీకాకుళం జోన్‌లోనే ఆడుతోంది. జిల్లాలు విడదీసినప్పుడు ఆ ఊరు విజయనగరం జిల్లాలోకి వచ్చింది. జిల్లాతోపాటు ఆట కూడా ఇటు రావాలా, అక్కడే ఉండాలా అన్నది ప్రశ్న. ఇటు వస్తే శ్రీకూర్మం పక్కనున్న తీరం కాలేజీతో ఏటా ఆడే ఆట ఆగిపోతుంది. ఆ ఆటకి ఊళ్ళకి ఊళ్ళు కదిలి వెళతాయని అంటారు.

కిందటేడు ఆ ఆటకి పరిశీలకుడిగా వెళ్ళినాయన కృష్ణకి అవతలి జిల్లా నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన లెక్చరరు. "ప్రేక్షకులు క్రీడాకారిణులను నోటికొచ్చినట్టు దూషించారు, ఆట ముగిశాక రిఫరీని బలవంతంగా ఎత్తుకుపోయారు" అని రిపోర్టు ఇచ్చాడు. దాంతో ఫైలుకి కాళ్ళొచ్చాయి. ఉపసంఘంలో ముగ్గురం. బొబ్బిలిలో ఉండే రిటైర్డ్ ప్రొఫెసరు గారు మార్చాలంటారు. శ్రీకాకుళంలో లెక్కలు చెప్పే మేష్టారు ఉంచాలంటారు. మూడోదాన్ని నేను. "శనివారం సాయంత్రానికి ఒక్క మాట చెప్పండి మేడమ్. మీది ఎటైతే అటే" అన్నారు కన్వీనరు గారు. ఈ ఏటి ఆట కూడా ఆ శనివారమే, తీరంలో. ఒకసారి చూసి రావడమే మంచిదనుకున్నాను.

శుక్రవారం పొద్దున్నే విజయనగరం స్టేషనులో రాయగడ వైపు వెళ్ళే పాసింజరు ఎక్కాను. ఈ దారిలో వెళ్ళేవాళ్ళకి ఒక సలహా, టిఫిను విజయనగరంలోనే కానిచ్చేయండి. రైలు కాస్త ఆలస్యంగా కదిలింది. ఎదురు సీటులో పార్వతీపురం వెళ్ళే బట్టల వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు. ఎక్కడికని అడిగాడు, చెప్పాను.

"జిల్లా మారిపోనాక జోన్ మాత్రం ఏల ఉండాల మేడమ్? మార్సీయాల" అన్నాడు వెంటనే. గజపతినగరం దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుని మళ్ళీ ఇటు తిరిగాడు. "గానీ మాదీ ఆ ఎగువ పక్కే, మా సెల్లెల్ని తీరం ఇచ్చినాం. ఆట లేపోతే ఏ వంకెట్టి ఎల్తాం? మార్సకూడదు."

"అంటే మార్చాలా, వద్దా?"

"అదే కదా సెప్తన్నాను" అన్నాడాయన, నేనేదో మొద్దునన్నట్టు చూస్తూ.

బొబ్బిలిలో దిగి ఆటోలో ప్రొఫెసరు గారింటికి వెళ్ళాను. కోట వైపు వెళ్ళే వీధిలో వీణలు చేసే ఇళ్ళ వాసన, పనస చెక్క వాసన, నాకు చిన్నప్పటినుంచీ తెలిసినదే. మా అమ్మ పుట్టిన ఊరు అక్కడికి దగ్గరే. ప్రొఫెసరు గారు వరండాలో పెద్ద పటం పరిచి కూర్చున్నారు. జిల్లా సరిహద్దు ఎర్ర పెన్సిలుతో గీశారు, కాలేజీలు నీలంతో. ఎగువ కాలేజీ నుంచి శ్రీకూర్మం ఎంత దూరమో, భోగాపురం ఎంత దూరమో స్కేలు పెట్టి చూపించారు. విజయనగరం జోన్ పోటీలు భోగాపురం దగ్గర, కొత్త విమానాశ్రయం వైపున్న ఒక పెద్ద ప్రైవేటు కాలేజీలో జరుగుతాయి. అక్కడ మట్టి కోర్టు ఉండదు, పైకప్పు కింద మ్యాట్ మీద ఆడతారు. రెండు రోజుల పోటీ, హాస్టల్లో బస.

"అభిమానం వేరు, పరిపాలన వేరు అమ్మా. ఊరి జనం అరుపులు విని జోన్లు గీస్తామా? ఆట పేరు చెప్పి ఆ వారమంతా పిల్లల హాజరు సగానికి పడిపోతోంది. చదువుకున్నవాళ్ళం మనమే ఒక పద్ధతి పెట్టాలి" అన్నారు. మాట బాగుంది. నేను తలూపాను. నా మాట 'మార్చాలి' అని దాదాపు అనుకున్నాను కూడా.

ఆయన కళ్ళజోడు కోసం లోపలికి వెళ్ళగానే భార్య కాఫీ తెచ్చి నా పక్కన కూర్చున్నారు. "వారు తీరం కాలేజీలోనే సదువుకున్నారమ్మా. ఏటేటా మీ ఎగువోలు వారి కాలేజీని ఓడించీసి పోతన్నారు. ఆ రాత్రి అన్నం తినరు, మజ్జిగ తాగి పడుకుంటారు" అని గొంతు తగ్గించి చెప్పారు.

"మా ఎగువవాళ్ళు కారండీ" అన్నాను. ఆవిడ నవ్వి ఊరుకున్నారు. ప్రొఫెసరు గారు కళ్ళజోడు పెట్టుకుని వచ్చి మళ్ళీ పటం మీదకి వంగారు. ఈసారి ఆ ఎర్ర గీత నాకు ఇందాకటి గీతలా కనిపించలేదు.

బొబ్బిలి నుంచి రాజాం బస్సు. ఆడవాళ్ళకి ఉచితం కాబట్టి ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొడతాడు. అది ఊరికే వచ్చింది కదా అని పారెయ్యకండి, తనిఖీ ఉంటుంది. రాజాంలో భోంచేసి, అక్కడినుంచి ఆటోలో మధ్యాహ్నానికి ఎగువ కాలేజీ చేరాను. రెండు రేకుల షెడ్లు, ఒక మేడ, వెనక మట్టి మైదానం, దాన్ని ఆనుకుని మొక్కజొన్న చేను.

ప్రిన్సిపాలు గారు కుర్చీ వేసి మంచినీళ్ళిప్పించి, మారిస్తే తమకి మంచిదేనన్నారు. పెద్ద కాలేజీల సరసన ఆడితే కాలేజీలకి గ్రేడు ఇచ్చేవాళ్ళ కంట్లో పడతామని ఆయన ఆశ. వ్యాయామం నేర్పే సూర్నారాయణ గారు గుమ్మం దగ్గరే నిలబడి వింటున్నారు. అందరూ ఆయన్ని పీడీ గారంటారు. ప్రిన్సిపాలు గారు ఫోను మాట్లాడ్డానికి లేవగానే నన్ను మైదానంలోకి తీసుకెళ్ళారు.

"మార్సితే జట్టు ఉండదు మేడమ్" అన్నారు. "పన్నెండు మంది ఆడగుంటలు. పంపండమ్మా అని ఇల్లిల్లూ తిరిగి తెచ్చుకున్నాను. అక్కడికి ఊరు రాదు. ఊరు రాకపోతే గుంటలూ రారు."

నాకు అర్థం కాలేదు. ఊరు రావడానికీ పిల్లలు ఆడడానికీ సంబంధం ఏమిటని అడిగాను. ఆయన చేను వైపు కేకేశారు. గట్టు మీద గడ్డి మోపు కడుతున్న ఒకావిడ లేచి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. జట్టు నాయకురాలు గౌరికి ఆవిడ తల్లి.

"సూడండి మేడమ్" అందావిడ. "ఊరు ఎల్తాది కాబట్టి నా పిల్ల ఎల్తాది. నలుగురు పెద్దోలు, నలుగురు ఆడోలు బండిలో ఉంటారు, పొద్దున్న ఎల్లి సందేళకి వచ్చీస్తారు. ఎవలేటంటారు? అదే ఆ భోగాపురం అవతలంటే రెండ్రోజులు. అక్కడ మాకు ఎవలున్నారు? గుంట ఒక్కర్తినీ పంపీసినామని మా అత్తోలే ముందు అంటారు. ఆట మానిపించీస్తాను, అంతే."

అరుపులు, తిట్లు, అల్లరి అని ఫైల్లో రాసుకున్న జనం ఈ తల్లికి కాపలా. ఈ ముక్క మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. నా మాట 'ఉంచాలి' వైపు తిరిగింది. మైదానంలో గౌరి కూతకి వెళ్ళి వస్తోంది. పొట్టిగా, నల్లగా, ఒంటి నిండా దుమ్ముతో ఉంది. నన్ను రెండు మూడుసార్లు చూసింది గానీ దగ్గరికి రాలేదు. ఆ రాత్రి రాజాంలో లాడ్జి తీసుకున్నాను. గది శుభ్రంగానే ఉంది, ఫ్యాను మాత్రం గుక్కపట్టిన పిల్లలా తిరిగింది.

శనివారం పొద్దున ఏడింటికి ఎగువ ఊరివాళ్ళ వ్యాన్లు రాజాం మీదుగా వెళుతూ నన్ను ఎక్కించుకున్నాయి. అలా వెళ్ళకూడదని నాకు తెలుసు. కమిటీ మనిషి ఒక పక్షం బండెక్కడం పద్ధతి కాదు. కానీ నేరుగా వెళ్ళే బస్సు లేదు, పీడీ గారు మొహమాట పెట్టారు. ముందు వ్యాన్లో పిల్లలు, వెనక మూడు వ్యాన్లలో ఊరు. నేనెక్కిన వ్యాన్లో కాళ్ళు పెట్టుకునే చోటు లేదు. నిండా వంట గిన్నెలు, గరిటెలు, ఒక బియ్యం బస్తా, వంకాయల గోతాం, నాలుగు పనసకాయలు.

"గెలవడానికి వెళుతూ ఈ వంట సామానంతా ఎందుకండీ?" అని పక్కనున్న ముసలావిడని అడిగాను. ఆవిడ పేరు సింహాచలమమ్మ.

"ఓడిపోతే ఎవలొండుతారు తల్లీ?" అంది. ఆ రెండు ఊళ్ళ మధ్యా ముత్తాతల నాటి పద్ధతట. ఓడినవాళ్ళే వండాలి, గెలిచినవాళ్ళు కూర్చుని తినాలి. ఆట తీరంలో అయినా సరే, ఓడింది ఎగువైతే ఎగువవాళ్ళే అక్కడ పొయ్యి పెట్టి తీరంవాళ్ళకి వడ్డించాలి. కాబట్టి ప్రతి ఏడూ రెండు పక్షాలూ సామాను సిద్ధం చేసుకునే వస్తాయి. కొన్నేళ్ళుగా ఎగువవాళ్ళ సామాను విప్పకుండానే తిరిగి వెళుతోంది.

"మరి గెలుస్తామని నమ్మకం లేదా?"

"నమ్మకం ఏల లేదు? నమ్మకం నమ్మకమే, వంకాయలు వంకాయలే" అందావిడ.

చిలకపాలెం దగ్గర పెద్ద రోడ్డెక్కి, శ్రీకాకుళంలో ఆగి ఇడ్లీలు తిని, పది దాటాక తీరం చేరాం. కాలేజీ వెనక మైదానం, అవతల సరుగుడు తోట, దాని వెనకెక్కడో సముద్రం. రెండు వేపులా జనం అప్పటికే చేరారు. శ్రీకాకుళం లెక్కల మేష్టారు కూడా వచ్చారు, ఎర్రటి తుండు మెడలో వేసుకుని. ఉంచాలనే మనిషి కాబట్టి ఆయన కారణాలు అడిగి రాసుకుందామని వెళ్ళాను. "సంప్రదాయం మేడమ్, ప్రజల మనోభావం" అని మొదలుపెట్టి, రెండో నిమిషంలో "మేం ఎగువలో సదువుకున్నప్పుడు కూడా వీళ్ళని ఇలాగే మట్టి కరిపించేవాళ్ళం" అన్నారు. నేను పెన్ను మూసేశాను.

ఒక పక్షానికి ఎంత జనం వచ్చారో చూసి రమ్మని కన్వీనరు గారు నాకు చెప్పారు. అది ఎవరి తరమూ కాదని అరగంటలో తేలింది. అక్కడ జనం పక్షాలుగా కూర్చోరు, చుట్టరికాలుగా కూర్చుంటారు. తీరం వైపు కూర్చున్న ఒక యువతిని మీరు ఎవరి పక్షమని అడిగాను. "పుట్టింది ఎగువ, నన్నిచ్చింది తీరం. కూకోడం అత్తోలతోటి, అరవడం కన్నోలకి" అంది చంటివాడిని భుజం మార్చుకుంటూ. ఆవిడ అత్తగారు పక్కనే కూర్చుని తమలపాకు నములుతోంది.

ఇంతలో సింహాచలమమ్మ నన్ను చెయ్యి పట్టి లాగింది. "మీ అమ్మది ఏ ఊరు తల్లీ?"

"బొబ్బిలి దగ్గరండీ."

"దగ్గరేటి? ఊరు సెప్పు."

చెప్పాను. చెప్పడమే పొరపాటైంది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు గుమిగూడి, ఆ ఊరి నుంచి ఎవరిని ఎవరికిచ్చారో వేళ్ళు మడుస్తూ తవ్వి తీశారు. చివరికి నేను సింహాచలమమ్మకి కోడలి వరసని తేలింది. నేను కమిటీ తరఫున వచ్చానండీ, నాకు ఏ పక్షమూ లేదని మొత్తుకున్నాను. "కమిటీకి సుట్టాలుండరేటి? కూకో" అని ఎగువ ఆడవాళ్ళ మధ్య కూర్చోబెట్టింది.

ఆట మొదలైంది. తిట్లు కూడా మొదలయ్యాయి. కిందటేటి పరిశీలకుడు రాసినదాంట్లో అబద్ధం లేదు. "ఒసే, నీ కాలిరగ, ఇటు రాయే" అని ఒక పెద్దమనిషి కూతకొచ్చిన పిల్ల మీద గట్టిగా అరిచాడు. నేను ఉలిక్కిపడ్డాను. ఆయన ఆ పిల్లకి మేనమావట. మరదలు వరస వాళ్ళని బావలు, మేనకోడళ్ళని మావలు మాత్రమే తిట్టవచ్చట. వరస కానివాడు నోరెత్తితే రెండు పక్షాలూ కలిసి బయటికి పంపేస్తాయట. పాపం ఆ కృష్ణ అవతలాయనకి వరసలు ఎవరు చెబుతారు? నాకూ ఎవరూ చెప్పలేదు. ఎవరు ఎవరిని దేనికి తిడుతున్నారో, దానికి తిట్టించుకున్నవాళ్ళ తండ్రి ఎందుకు నవ్వుతున్నాడో తెలియక నేను దిక్కులు చూస్తూ కూర్చున్నాను.

చివరికొచ్చేసరికి ఎగువ ఒక్క పాయింటు వెనకబడింది. ఆఖరి కూత గౌరిది. వెళ్ళింది. ఒక పిల్లని తాకింది. వెనక్కి దూకబోతుంటే ఇద్దరు నడుం పట్టారు, మూడో పిల్ల కాలు పట్టింది. కూత ఆపకుండానే మధ్యగీత వైపు ఒళ్ళంతా సాచింది. చేతికీ గీతకీ మధ్య జానెడు దూరం. నేను లేచి నిలబడి అరిచానని తరవాత తెలిసింది. సరిగ్గా అప్పుడు తీరం వైపు నుంచి బావ వరసైన కుర్రాడొకడు, "ఒసే మరదలా, మావోలు పట్టీసినారు కదా, ఇంక ఇక్కడే ఉండిపో!" అని కేకేశాడు. మైదానమంతా గొల్లుమంది. ఎగువవాళ్ళు కూడా పడి పడి నవ్వారు, గౌరి తల్లితో సహా. కూత తెగిపోయింది. ఆట ముగిసింది. గౌరి మట్టిలోంచి లేవడానికి చాలాసేపు పట్టింది.

ఓడామని ఎగువవాళ్ళు ఏడుస్తారనుకున్నాను. క్షణంలో గిన్నెలు దిగాయి. రాళ్ళు పేర్చి పొయ్యిలు పెట్టారు. పనసకాయ కొట్టేవాళ్ళు కొడుతున్నారు, వంకాయలు తరిగేవాళ్ళు తరుగుతున్నారు. రిఫరీ తన స్కూటరు వైపు నడుస్తుంటే నలుగురు వెళ్ళి రెండు రెక్కలూ పట్టుకుని తెచ్చి ఆకు ముందు కూర్చోబెట్టారు. "డ్యూటీ అయిపోయిందండీ, నన్నొదిలేయండి" అని ఆయన అంటూనే ఉన్నాడు, పప్పు వేస్తూనే ఉన్నారు. ఎత్తుకుపోవడమంటే ఇదన్నమాట. కోడలి వరస కాబట్టి నా చేతికి పనసకాయ కూర గిన్నె ఇచ్చారు. నిష్పక్షపాతంగా విచారణ జరపాల్సిన నేను, వంగి వంగి తీరంవాళ్ళకి కూర వడ్డించాను. ఉప్పు తక్కువైందని ఒకాయన నన్నే తిట్టాడు. ఆయన నాకు ఏ వరసవుతాడో అడగడానికి భయమేసింది.

అందరి భోజనాలూ అయ్యాక, చేతులు కడుక్కుందామని కుళాయి దగ్గరికి వెళితే గౌరి అక్కడ గిన్నెలు తోముతోంది. మోచెయ్యి గీరుకుపోయి రక్తం గడ్డకట్టింది. తల ఎత్తకుండానే అంది.

"మేడమ్, మా కాలేజీని అటు మార్సీయండి."

నేను విన్నది నిజమేనా అనుకున్నాను. "అటు మారిస్తే ఊరు రాదు కదమ్మా. మీ అమ్మ పంపనంటోంది" అన్నాను.

"నాను అడిగితే పంపదు. ఆటే అక్కడయితే నాల్రోజులు అరిసి పంపుతాది. మావోలు మనిషి మాట ఇనరు మేడమ్, రూలు మాటైతే ఇంటారు."

"మిగతా పిల్లల్ని?"

గిన్నె రెండుసార్లు తిప్పి తోమింది. "కొంతమందిని పంపరు" అంది నిజాయితీగా. తల ఎత్తి నా వైపు చూసింది. "నన్ను పట్టీసినప్పుడు సూసినారా? తీరమోలు నవ్వినారు, సరే. మావోలు కూడా నవ్వినారు. మా అమ్మా నవ్వినాది. నాను ఊపిరి బిగబట్టి ఆడతన్నాను, మావోలు పెళ్ళి సూపులు సూస్తన్నారు. అక్కడ మ్యాట్ ఉన్నాదంట, యూనివర్సిటీ జట్టుకి ఏరుకోడానికి పెద్దోలొస్తారంట. అది సరే. నాకు ఎవలూ ఏటీ అవ్వని సోట ఒక్కసారి ఆడాలని ఉన్నాది మేడమ్. వచ్చీ ఏడాదితో నా డిగ్రీ అయిపోతాది."

ఆలోచించి చెబుతానని, ఏదైనా నేనే ఫోను చేస్తానని చెప్పి నంబరు తీసుకున్నాను. ఇంత దూరం వచ్చింది తేల్చుకోవడానికి. ఉన్న కాస్త స్పష్టతా ఆ కుళాయి దగ్గర కడిగేసినట్టయింది. పీడీ గారిది నిజమా, ఈ పిల్లది నిజమా? మారిస్తే తల్లులు మానిపిస్తారా, నాలుగు రోజులు అరిచి పంపుతారా? జరిగితే గానీ తెలియదు. జరిగాక తెలిసి లాభం లేదు.

దగ్గరే కదా అని శ్రీకూర్మం గుడికి ఆటోలో వెళ్ళాను. దర్శనానికి పెద్దగా రద్దీ లేదు. పెరట్లో నక్షత్ర తాబేళ్ళు ఆకులు తింటున్నాయి. ఒక్క దారి చూపించు స్వామీ అని అడిగి, ఆ దారి ఎటుండాలని కోరుకుంటున్నానో నాకే తెలియక, తీర్థం తీసుకుని బయటికొచ్చాను.

శ్రీకాకుళం కాంప్లెక్సులో సాయంత్రం విజయనగరం బస్సు దొరికింది, కిటికీ పక్క సీటు కూడా. ఎచ్చెర్ల దాటుతుండగా కన్వీనరు గారు ఫోను చేశారు.

"మేడమ్, చిన్న తిరకాసు. ప్రొఫెసరు గారు ఇప్పుడే ఫోను చేసి, ఉంచేద్దాం, ప్రజల అభిమానాన్ని గౌరవించాలి అన్నారు."

"తీరం గెలిచింది కదండీ" అన్నాను.

"అవునట. లెక్కల మేష్టారు కూడా ఫోను చేశారు. లోతుగా ఆలోచించాక మార్చడమే శాస్త్రీయం అంటున్నారు. మళ్ళీ ఒకటీ ఒకటీ అయింది. మీదే ఆఖరి మాట."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "కాలేజీని ఉంచి ఆ పిల్ల గౌరి ఒక్కదాన్నీ అటు ఆడించలేమా?" అని అడిగాను. "కాలేజీ కదలాలి గానీ పిల్ల కదలదండీ రూల్లో" అన్నారాయన. పక్క సీటులో పైడిభీమవరం ఫ్యాక్టరీలో పనిచేసే ఒకమ్మాయి, యూనిఫారంలో, నిద్రపోతోంది. గౌరి కన్నా రెండేళ్ళు పెద్దదేమో. బయట చీకటి పడుతోంది. మిగతా పదకొండు మంది పిల్లలు కళ్ళ ముందు కదిలారు. వాళ్ళలో ఒక్కరి పేరు కూడా నేను అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. అయినా వాళ్ళ కోసమే అనుకుని చెప్పాను.

"ఉంచెయ్యండి."

"సరే మేడమ్" అని ఆయన పెట్టేశారు. అంత చిన్న పనికి ఇన్నిసార్లు బస్సులు మారాను.

గౌరికి ఫోను చేశాను. వ్యాన్లో ఉన్నట్టుంది, వెనక పాటలు, చప్పట్లు. సింహాచలమమ్మ గొంతు కూడా గుర్తుపట్టాను. "ఉంచెయ్యమన్నానమ్మా" అన్నాను. అటునుంచి పాటే వినిపించింది. "మిగతా పిల్లలు ఆగిపోతారని... నీక్కూడా, ఆలోచిస్తే, ఇదే మంచిది" అని కూడా అన్నాను. ఆ మాట ఎందుకన్నానో తెలియదు. అది నిజం కాదు.

"తెలుసు మేడమ్. మా ఊళ్ళో అందరూ నా మంచికే సెప్తారు" అంది. గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. "మీరూ మా ఊరోలైపోనారు." ఎవరో పాటలోకి పిలిచారు. ఫోను పెట్టేసింది.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగింది కొంచెమే. రైలుకి టిఫిను చేసి ఎక్కండి, సున్నా టికెట్టు జాగ్రత్త చేసుకోండి, ఆటకి వెళితే ఆకలితో వెళ్ళండి. అక్కడి మనుషులు మంచివాళ్ళు, ఒక్క పూటలో మిమ్మల్ని కలిపేసుకుంటారు. ఎగువ కాలేజీ ఏ జోన్‌లో ఉండాలో మాత్రం నన్ను అడగొద్దు. ఆ పిల్ల అంత జనంలో నన్నే అడిగింది నేను తనకి ఏమీ కానని. విజయనగరంలో రైలెక్కినప్పుడు నేను ఆ మనిషినే.